మారెన్న నోట్లో చింతగింజ

సిరిగేరి మారెన్నకు దేవుడిచ్చింది వాగే నోరు. తండ్రి ఇచ్చింది నోరు మూసుకుని చేయాల్సిన పని. ఈ రెండింటి మధ్యా నలిగి అతను పడిన అవస్థలు చెప్పమంటే ఆ ఊరి ముసలివాళ్ళు ముందు పగలబడి నవ్వేవాళ్ళు. చెప్పగా చెప్పగా ఎక్కడో ఒకచోట నవ్వు ఆపేసి తువ్వాలుతో మొహం తుడుచుకునేవాళ్ళు.

పని ఏమిటంటే చావు కబురు మోయడం. ఊళ్ళో ఎవరైనా పోతే చుట్టుపట్ల ఊళ్ళలోని బంధువులకు పొద్దుగూకేలోపు తెలియాలి. టెలిగ్రాములూ టెలిఫోన్లూ పట్నంవాళ్ళ సంగతి. పల్లెలకు కాళ్ళున్న మనిషే దిక్కు. ఆ దారులన్నీ మారెన్న తాత నడిచాడు, తండ్రి హులిగప్ప నడిచాడు, తర్వాత మారెన్న నడిచాడు. కబురు అందుకున్న ఇంట్లో అతనికి మంచినీళ్ళు కూడా పుట్టవు. తిరిగి వచ్చాక పోయినవాళ్ళ ఇంటివాళ్ళు పంచె కొంగులో ఇన్ని జొన్నలు పోస్తారు. అంతే.

ఆ పనికొక పద్ధతి ఉంది. కబురు తెచ్చినవాడు వాకిట్లో నిలబడి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి. నోరు తెరవకూడదు. ఇంటివాళ్ళు చూసి "ఎవరప్పా?" అని అడిగితే, అప్పుడు పోయినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పాలి. అడగనిదే చెప్పకూడదు. ఇంకొకటి కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా అన్నం ముందు కూర్చుని ఉంటే తలగుడ్డ మీద చెయ్యే వేయకూడదు. "తినేవాళ్ళకు సావు చెప్తే రెండు సావులురా. సేయి కడిగేదాకా ఆగల్ల" అని హులిగప్ప కొడుక్కు నూరిపోశాడు.

మీసాలు మొలిచీ మొలవని వయసులో మారెన్న మొదటిసారి కబురు మోశాడు. సిరిగేరిలో పోయినావిడ తమ్ముడు వెంకటరామిరెడ్డి, రెండూళ్ళ అవతల ఉండేవాడు. మారెన్న వెళ్ళేసరికి ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మారెన్న తలగుడ్డ తీయబోతున్నాడు. ఆయన ఖర్మ కొద్దీ పలకరించాడు.

"యావూరప్పా నీది?"

"సిరిగేరి రెడ్డీ. హులిగప్ప కొడుకును."

"ఓహో, హులిగప్ప కొడుకా! కూచో, కూచో. ఆడ వానలు పడినాయా?"

వాన సంగతి అడిగితే చెప్పకుండా ఉండటం మారెన్న వల్ల అయ్యే పనా? వానలోంచి పత్తికి, పత్తిలోంచి ఎద్దుల గాలికుంటు రోగానికి, అక్కడినుంచి హులిగెమ్మ జాతరకు పోయాయి మాటలు. రెడ్డి పొగాకు తుంచి పెట్టాడు. మారెన్న నమస్కారం పెట్టి, హుషారుగా ఈల వేసుకుంటూ ఊరికి తిరిగొచ్చాడు. ఇక్కడ పాడె కట్టి, తమ్ముడి కోసం జనమంతా ఎదురుచూస్తున్నారు.

"రెడ్డి యాడరా?" అన్నాడు హులిగప్ప.

"ఇంట్లోనే ఉండాడు నాయినా. శానా మంచోడు. నిన్ను అడిగినట్ల చెప్పమనె."

హులిగప్ప కాలి చెప్పు చేతిలోకి వచ్చింది. శవం ముందర చెప్పెత్తకూడదని ఎవరో పెద్దాయన అడ్డం పడ్డాడు. దానితో ఆ దెబ్బలు మర్నాటికి వాయిదా పడ్డాయే తప్ప రద్దు కాలేదు.

దెబ్బల తర్వాత తండ్రి ఒక చింతగింజ తెచ్చి కొడుకు అరచేతిలో పెట్టాడు.

"ఊరు దాటేటప్పుడు ఇది నాలిక కింద పెట్టుకో. ఆ ఇంటోళ్ళు ఎవరప్పా అని అడిగేదాకా ఉమ్మకూడదు."

"మింగితే నాయినా?"

"మింగితే కడుపులో చింతచెట్టు మొలుస్తాది. మొలిచినా గానీ నోరు మూసుకునే ఉండు."

అది మొదలు మారెన్న కబురు మోసినప్పుడల్లా నోట్లో చింతగింజ ఉండేది. గింజ ఉన్నంతసేపు అతనికి తన అడుగుల చప్పుడు తనకే వినబడేది. జొన్న ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు, ఎక్కడో దూరాన కపిల బావి గిలక చప్పుడు. ఇవన్నీ విని అతనికి ఒళ్ళు మండేది. లోకంలో ఇన్ని మాటలుండగా ఈ చప్పుళ్ళు ఎవడికి కావాలి?

పెళ్ళాం ఉచ్చంగెమ్మ ఇతనికి సరిగ్గా ఎదురు. ఆమె మాటల్ని నూనె వాడినట్టు వాడేది. కాపరానికొచ్చిన కొత్తలో మొగుడితో అన్నవి రెండే మాటలని వాడలో చెప్పుకునేవాళ్ళు. కంచం ముందు పెట్టి "తిను". తిన్నాక అతను కథ మొదలుపెడితే "సాకు". ఇక చాలు అని దానర్థం. మారెన్న కథ ఆపేవాడు కాదు, ఆమె కోప్పడేదీ కాదు. ఆ వాగుడు పక్కన చెరిగేది, దంచేది, రొట్టె తట్టేది. వర్షం పడుతుంటే ఇంట్లో పని చేసుకున్నట్టు.

బసవ్వ పుట్టాక ఇద్దరి పేర్లూ మూలపడ్డాయి. అతను "బసవ్వోళ్ళమ్మా" అని పిలిచేవాడు. ఆమె "బసవ్వ నాయినా" అని పిలిచేది. ఒకే బిడ్డ. నోరు మాత్రం తండ్రిది. సాయంత్రం తండ్రీ కూతుళ్ళు చెరో గోడకు ఆనుకుని మొదలుపెడితే, దారిన పోయే భీమక్క ఆగి "ఉచ్చంగెమ్మా, నీ చెవులకు కూలి ఎవరిస్తాండారే?" అని ఎగతాళి చేసేది.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడు, మారెన్న పేరు ఏటి ఒడ్డు ఊళ్ళదాకా మోగే సంగతి ఒకటి జరిగింది. రాష్ట్రం మారితే కచేరీలో తెలుగు మాట్లాడాలా కన్నడం మాట్లాడాలా అని జనం తగువులాడుకుంటుంటే మారెన్నకు ఆ బాధ లేదు. అతను రెండూ మాట్లాడేవాడు, అందువల్ల వాగుడు రెట్టింపైంది. అలాంటివాడికి దవడపన్ను పట్టుకుంది. బుగ్గ వాచి నోరు తెరుచుకోవడం లేదు. సరిగ్గా ఆ రోజే రెడ్ల ఇంటి నాగలక్ష్మమ్మ కూతురికి మగబిడ్డ పుట్టాడు. కెంచనగుడ్డలో ఉన్న అత్తవారింటికి కబురు పోవాలి. చక్కెర పొట్లం ఇచ్చి ఆమె మారెన్నను పంపింది.

ఎండలో నడిచి నడిచి అతను కెంచనగుడ్డలో ఆ ఇంటి వాకిట నిలబడ్డాడు. చెమట కారుతోంది. నోరు పెగలడం లేదు. పాపం, మొహం తుడుచుకుందామని తలగుడ్డ తీశాడు.

లోపలినుంచి చూసిన ముసలామె గుండె బాదుకుంది. "అయ్యో నా కోడలా! పురిట్లోనే పోతివా తల్లీ!"

ఇంకేముంది, ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో పొయ్యిలో నీళ్ళు పోశారు. ఎవరో బిందెలు బోర్లించారు. మారెన్న రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "లేదు, ఇంక లేదంటాండాడు!" అని ఏడుపు పెరిగింది. చక్కెర పొట్లం పైకెత్తి చూపించాడు. "కడసారి గుర్తుగా పంపినట్లుండాదే!" అని ఇంకా పెరిగింది. చివరికి కొట్టంలో ఎద్దులకు మేత వేస్తున్న జీతగాడు ఒకడు వచ్చి, మారెన్న గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఏడుపు ఆపండి తల్లీ. ఈ మామ దవడ చూడండి, గుమ్మడికాయ మాదిరి ఉబ్బిండాది. సావు కాదు, పన్ను!"

ఆ జీతగాడి పేరు సిద్దప్ప. అతను లవంగం నలిపి పంటికింద పెడితే, మారెన్న కాసేపటికి "మగ... మగపిల్లోడు" అనగలిగాడు. ముసలామె ముందు చీపురుతో ఒకటి వేసింది. తర్వాత చక్కెర నోట్లో పోసింది.

ఈ సంగతి విన్న నాగలక్ష్మమ్మ కడుపు పట్టుకుని నవ్వి, తీర్పు చెప్పింది. "మారీ, ఇంకమీద నువ్వు యావూరికి పోయినా పొలిమేర నుంచే అరుచుకుంటా పో. నీ గొంతు వినపడకపోతే జనం గుండె పగిలి సస్తారు."

మారెన్నకు ఇంతకన్నా తీపి శిక్ష ఏముంటుంది? ఆనాటి నుంచి అతను ఏ ఊరు చేరినా, చివరికి తన ఊరికి తిరిగొచ్చినా, పొలిమేర దగ్గరే గొంతెత్తేవాడు. కుక్కతో మాట్లాడేవాడు, గొర్రెలతో మాట్లాడేవాడు, ఎవరూ లేకపోతే తనతో తనే తగువులాడేవాడు. పొలంలో ఆడవాళ్ళు నడుము నిలబెట్టి చెవి రిక్కించి, "మారెన్న గొంతే. ఎవరూ పోలేదులే" అనుకుని మళ్ళీ వంగేవాళ్ళు. గొంతు వినబడకుండా మారెన్న కనబడితే మాత్రం, చేతిలో కొడవలి చేతిలోనే ఉండిపోయేది.

పన్ను పుణ్యమా అని సిద్దప్ప అల్లుడయ్యాడు. బసవ్వ కెంచనగుడ్డకు కాపరానికి పోయింది. ఇంట్లో ఒక గోడ దగ్గర మాట ఆగిపోయింది. మారెన్న రెండు గోడల మాటలూ తానే మాట్లాడేవాడు.

కాలువ నీళ్ళు వచ్చి, జొన్న చేలన్నీ వరి మళ్ళుగా మారుతున్న కాలం. ఒకరోజు నాగలక్ష్మమ్మ ఎద్దుల మందుకని మారెన్నను సిరుగుప్పకు పంపింది. అక్కడినుంచి కెంచనగుడ్డ దగ్గరే. బయల్దేరుతుంటే ఉచ్చంగెమ్మ వెర్రినువ్వులు దంచిన గురెళ్ళ పొడి మూట కట్టి చేతికిచ్చింది.

"బసవ్వకు ఇచ్చిరా. రొట్టెలోకి దానికి ఇష్టం."

అంతే అంది. మారెన్న పొద్దువాలేసరికి కూతురి ఊరు చేరాడు. పొలిమేరనుంచి అరుచుకుంటూనే పోయాడు. గుడిసె ముందు జనం ఉన్నారు. వాంతులూ భేదులూ ఊరంతా పాకుతున్నాయి. బసవ్వకు మధ్యాహ్నం పట్టుకుందట. చాప మీద పీక్కుపోయిన మొహంతో పడుకుని ఉంది. తండ్రిని చూసి నవ్వబోయింది.

"అరిచేది వినపడె నాయినా. ఏమన్నా చెప్పు. నువ్వు చెప్తాంటే నొప్పి తెలీదు."

మారెన్న నోరు తెరిచాడు. ఒక్క మాట రాలేదు. నోట్లో చింతగింజ లేదు, పంటినొప్పి లేదు, అయినా రాలేదు. కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాస్తూ కూర్చున్నాడు. ఆసుపత్రికి పోవడానికి సిద్దప్ప బండి కోసం ఇల్లిల్లూ తిరిగి, దొరికి, ఎద్దుల్ని కట్టేలోపే, తెల్లవారకముందే, బసవ్వ పోయింది. పొడి మూట విప్పనేలేదు.

ఈ రోగంతో పోయినవాళ్ళను ఉంచకూడదన్నారు ఊరి పెద్దలు. పొద్దుగూకేలోపు పూడ్చేయాలి. సిద్దప్ప గుంజకు తల ఆనించి అన్నాడు.

"అత్త చూడొద్దా మామా? నేను పోయి పిలుచుకొస్తా."

"నువ్వు దాని దగ్గర ఉండు" అన్నాడు మారెన్న. "మోసేది నా పని."

ఊరు దాటుతూ, ఎప్పుడూ పంచె కొంగులో ఉండే చింతగింజ తీసి నాలిక కింద పెట్టుకున్నాడు. సిరుగుప్పదాకా నడిచి, అక్కడ వడ్లు ఎత్తుకుపోయే లారీ పట్టుకుని మిట్టమధ్యాహ్నానికి సిరిగేరి దగ్గర దిగాడు. లెక్క అంతా దారిలోనే వేసుకున్నాడు. కాసేపట్లో సిరుగుప్పకు పోయే బస్సు ఊళ్ళోకి వస్తుంది. ఆ పూటకు అదొక్కటే. ఉచ్చంగెమ్మను తీసుకుని ఆ బస్సెక్కితే, పొద్దుండగానే కెంచనగుడ్డ చేరవచ్చు. తల్లి బిడ్డ మొహం చూస్తుంది. బస్సు తప్పితే చూడదు.

కాలువ తూము దగ్గరకు వచ్చేసరికి అతని కాళ్ళు ఆగిపోయాయి. అవతల మడిలో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వాళ్ళలో ఉచ్చంగెమ్మ కనబడలేదు. తాను ఇలాగే, గొంతు లేకుండా ఊళ్ళోకి పోతే? చూసినవాళ్ళు చూసినచోటే శోకాలు పెడతారు. ఆ ఏడుపు తనకంటే ముందు గుడిసె చేరుతుంది. ఏ పిల్లాడో పరిగెత్తిపోయి చెప్పేస్తాడు. ఉచ్చంగెమ్మ ఒక్కతే ఉంటుంది.

మారెన్న చింతగింజను చేతిలోకి ఉమ్మి, పంచె కొంగులో ముడేశాడు. గొంతు సవరించుకుని అరిచాడు.

"ఏమమ్మో, కలుపు తీస్తాండారా, వరి పీకుతాండారా? రెడ్డమ్మ చూస్తే మీ జుట్లు పీకుతాది!"

మడిలో ఆడవాళ్ళు కిలకిల నవ్వారు. భీమక్క నడుము మీద చెయ్యేసుకుని, "వచ్చినాడమ్మా రేడియో! ఏమప్పా, కూతురిని చూసినావా? బాగుండాదా?" అంది.

"కాలువకు నీళ్ళు ఇంకా వదుల్తారంట భీమక్కా! మీ ఇల్లు తేలిపోతాది, పడవ కొనుక్కో!" అన్నాడు మారెన్న నడక ఆపకుండానే.

ఉచ్చంగెమ్మ ఆ రోజు కలుపుకు పోయి, ఒంట్లో బాగాలేదని ముందే ఇంటికి వచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. గుడిసె గడపలో కాళ్ళు చాపుకుని, కంచంలో ఒక ముద్ద జొన్న సంగటి, పక్కన పుండికూర, అదే గోంగూర, పెట్టుకుని, మొదటి తుంచు చేతిలోకి తీసుకుంది. అప్పుడు మారెన్న వచ్చాడు.

"ఏమప్పా బసవ్వ నాయినా, ఇంత జల్ది వస్తివి? పొడి ఇచ్చినావా?"

మారెన్న చెయ్యి తలగుడ్డ దాకా పోయి ఆగింది. తినేవాళ్ళకు సావు చెప్తే రెండు సావులురా. ఒక్క ముద్దే కదా. ఉచ్చంగెమ్మ ఎప్పుడూ ఒక్క ముద్ద తింటుంది, మిగిలింది రాత్రికి ఉంచుతుంది. ఆ ఒక్క ముద్ద అయ్యాక చెప్పినా బస్సు అందుతుంది. ఇప్పుడు చెప్తే, ఈ మనిషి ఇంకెన్నాళ్ళకు అన్నం ముట్టుతుందో.

"ఇచ్చినాలే" అన్నాడు. అది నిజమే. గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. "తిను, తిను. తినేది ఆపొద్దు. లారీలో ఏం జరిగెనో చెప్తా, విను ఉచ్చంగీ."

ఆమె చెయ్యి నోటి దగ్గర ఆగింది.

ఉచ్చంగీ. బసవ్వ పుట్టిన నాటినుంచి ఆ గుడిసెలో ఎవరూ పలకని పేరు. కూతురి పేరు నోటికి రానివ్వకూడదన్న భయంలో, తాను ఏమని పిలిచాడో మారెన్నకే తెలియదు. ఆమె అతని మొహంలోకి చూసింది. చూసి, ఆ తుంచు నోట్లో పెట్టుకుంది.

"చెప్పు" అంది.

"నా పక్కన ఒక ముసలాయప్ప. సంకలో కోడిపుంజు. డ్రైవరు సాయిబు అంటాడు, కోడికి జాగా లేదు, దించు జల్ది అని. ముసలాయప్ప ఏమనె తెలుసునా? సామీ, ఇది కోడి కాదు, మా అల్లుడు, పండక్కు పిలుచుకుపోతాండా అనె."

అల్లుడు అనేశాడు మారెన్న. మాట ఎక్కడికి జారిందో తెలిసి చప్పున ఆగిపోయాడు.

"తర్వాత?" అంది ఉచ్చంగెమ్మ.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ తర్వాత అని అడిగిన మనిషి కాదు. ఆ మాటకు మారెన్న బెదిరి, కోడిని డ్రైవరు ఒళ్ళోకి ఎక్కించాడు, దానిచేత హారను కొట్టించాడు, లారీని మడిలోకి దింపబోయి మళ్ళీ రోడ్డెక్కించాడు. లేని పోలీసును తెచ్చి కోడికి టికెట్టు అడిగించాడు. ఉచ్చంగెమ్మ నములుతూ విన్నది. ముద్ద అయిపోయింది. చెయ్యి కడుగుతుందని అతను గుండె దిటవు చేసుకున్నాడు.

ఆమె కుండ దగ్గరకు జరిగి, ఇంకో ముద్ద పెట్టుకుంది.

"పోలీసు ఏమనె?"

వీధి మలుపులో బస్సు హారను వినబడింది. ఇద్దరూ విన్నారు. మారెన్న మాట మధ్యలో తెగింది. ఇప్పుడు లేస్తే అందుతుంది. లేవాలంటే చెప్పాలి. ఆమె వేళ్ళ మధ్య సంగటి ఉంది.

"పోలీసు ఏమనె, చెప్పప్పా" అంది ఆమె, కంచంలోకే చూస్తూ.

అతను చెప్పాడు. హారను మళ్ళీ మోగింది. బస్సు పోయిన దుమ్ము గుడిసెల మీదుగా మెల్లిగా వచ్చి, గడపలో పడింది. ఆమె కంచాన్ని పైటతో కప్పుకుని, దుమ్ము సర్దుకునేదాకా ఆగి, మళ్ళీ తిన్నది. కుండలో మిగిలింది గీకి తిన్నది. చివరికి కుండ గోడకు అంటిన మాడు కూడా గోటితో గీకింది. మారెన్న దగ్గర కోడి అయిపోయింది, లారీ అయిపోయింది, సిరుగుప్ప అయిపోయింది. గొంతు బొంగురుపోయి, ఎప్పుడో చిన్నప్పుడు వెంకటరామిరెడ్డి పొగాకు పెట్టిన కథ, ఆమె వందసార్లు విన్న కథ, మళ్ళీ చెబుతున్నాడు.

కుండ ఖాళీ అయింది. ఉచ్చంగెమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని, ఒక్కొక్క వేలూ కడుక్కుంది. చెంబు బోర్లించి పెట్టింది.

మారెన్న మాట ఆగిపోయింది. లేచి వాకిట్లోకి పోయి నిలబడి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు.

పద్ధతి ప్రకారం ఆమె "ఎవరప్పా?" అని అడగాలి. అడగలేదు. అడగనిదే అతను పేరు చెప్పకూడదు. చెప్పలేదు. అతను వాకిట్లో ఎండలో, ఆమె గడపలో.

తర్వాత "పొద్దుగూకేలోపల పోవల్ల" అన్నాడు మారెన్న.

"బస్సు పాయె" అంది ఉచ్చంగెమ్మ.

సంగతి తెలిసి నాగలక్ష్మమ్మ తన గిత్తల బండి కట్టించింది. గిత్తలు ఎంత పరుగెత్తినా గిత్తలే, బస్సు కావు. కెంచనగుడ్డలో దీపాలు పెట్టే వేళకు చేరారు. ఏటి గట్టున పచ్చిమట్టి కుప్ప పక్కన సిద్దప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"శానాసేపు ఆపితి అత్తా. పెద్దోళ్ళ కాళ్ళు పట్టుకుంటి. నా మాట వినలేదు" అన్నాడు. మోకాళ్ళదాకా మట్టి. చేతిలో విప్పని గురెళ్ళ పొడి మూట.

ఉచ్చంగెమ్మ ఆ మూట తీసుకుంది. తల ఎటువైపో అల్లుణ్ణి చేతితోనే అడిగి, అక్కడ కూర్చుని, మూట విప్పి పొడి మట్టి మీద పోసి, అరచేత్తో మెల్లిగా అదిమింది. ఏడ్చిందీ లేనిదీ ఆ మసక వెలుతురులో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు తిరిగి వస్తుంటే బండిలో మారెన్న నోరు విప్పాడు.

"వచ్చీ రాంగానే చెప్పింటే బస్సు అందుతుండె. మొహం చూస్తుంటివి."

ఉచ్చంగెమ్మ గిత్తల మెడల వైపు చూసింది.

"నువ్వు ఉచ్చంగీ అంటివి చూడు, ఆపొద్దే తెలిసిపాయె నాకు" అంది. "బస్సు కూత నాకూ వినపడె. నేను తినేంతసేపు అది బతికే ఉన్నట్ల ఉండె. మల్లా మల్లా పెట్టుకుంది నేను కదా. నీదేం లేదు."

అంత పొడుగు మాట ఆమె అంతకుముందు అన్నది లేదు, తర్వాతా అనలేదు. మారెన్న ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సిరిగేరిదాకా బండి చక్రాల చప్పుడే.

ఆ దారిలో మారెన్నకు మొదటిసారి ఆ చప్పుడు మీద కోపం రాలేదు. జొన్న ఆకులు రాసుకుంటే విన్నాడు. కాలువలో నీళ్ళు తూము దాటుతుంటే విన్నాడు. మాట లేనిచోట బసవ్వ ఉన్నట్టు అనిపించింది. ఇంటికి పోయి అలాగే, ఏమీ మాట్లాడకుండా, ఉన్నన్నాళ్ళు ఉండిపోవాలనిపించింది.

ఆ యోగం అతనికి లేకపోయింది. ఇల్లు చేరాక ఉచ్చంగెమ్మకు ముద్ద దిగలేదు. తుంచు నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, గొంతు దగ్గర ఆగుతుంది, బయటికి పోయి ఉమ్మేస్తుంది. భీమక్క గంజి తెచ్చింది, నాగలక్ష్మమ్మ మజ్జిగ పంపింది. ఏదీ దిగలేదు. మనిషి కట్టెపుల్లైంది. ఒక మధ్యాహ్నం ఆమె కంచం ముందు ఊరికే కూర్చుని ఉంటే, గుంజకు ఆనుకుని ఉన్న మారెన్న, ఏడవలేక నోరు తెరిచాడు.

"ఆ కోడిపుంజు ఉండె చూడు... దాన్ని మల్లా చూసినా."

ఉచ్చంగెమ్మ తల ఎత్తింది. తుంచు నోట్లో పెట్టుకుంది. మింగింది.

"తర్వాత?" అంది.

ఇక అదే నియమం అయింది. ఆమె తినాలంటే అతను మాట్లాడాలి. పూటపూటకూ ఆ కోడి లారీలెక్కింది, రైలెక్కింది, బళ్ళారి కచేరీకి పోయి రెండు భాషల్లో దావా వేసింది. వాడలో పిల్లలు కోడి కథల కోసం పోగయ్యేవాళ్ళు, నవ్వేవాళ్ళు. మారెన్న దుఃఖం మరిచిపోయి మళ్ళీ మామూలు మనిషయ్యాడని ఊరు సంతోషపడింది. ఉచ్చంగెమ్మ చెయ్యి కడిగేదాకా అతను ఆగేవాడు కాదు.

చావు కబుర్లు మోయడం మాత్రం మానేశాడు. అడిగినవాళ్ళతో "కాళ్ళు నొప్పి" అనేవాడు.

మధ్యాహ్నం ఆమె కంచం ఎత్తాక మారెన్న పంచె కొంగు ముడి విప్పి, అరిగిపోయి నున్నబడిన చింతగింజ తీసి నాలిక కింద పెట్టుకునేవాడు. గుడిసె వెనక కాలువ గట్టు మీద, కెంచనగుడ్డ వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. అదే అతనికి దొరికే కాస్త వేళ. అదైనా నిండుగా దొరికేది కాదు. మారెన్న గొంతు వినబడకపోతే ఎవరో పోయినట్టే కదా ఆ ఊళ్ళో! లోపల ఉచ్చంగెమ్మకు ఉండబట్టేది కాదు.

"బసవ్వ నాయినా!" అని పిలిచేది గిన్నెలు తోముతూనే.

గింజ ఉమ్మకుండా, మారెన్న ఒకసారి దగ్గేవాడు.

లోపల మళ్ళీ గిన్నెల చప్పుడు మొదలయ్యేది.